ఇంకో పరీక్ష ఉంది

మొవ్వ,
8 జనవరి 2025.

డయానాకు,

నీకు వందనాలు రాయబుద్ధి కావడం లేదు. కానీ బడిలో ఇన్నేళ్ళు పిల్లలకి ఉత్తరం రాయడం నేర్పినదాన్ని గనక, వందనాలు.

ఈ మాటలు ఫోన్లో ఎందుకు చెప్పడం లేదంటే, నీతో ఫోన్లో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టే. నేను పది మాటలంటే నువ్వు ‘ఊఁ’ అంటావు. పదకొండో మాటకి పెట్టేస్తావు. ఉత్తరమైతే పెట్టెయ్యలేవు. చదివి తీరాలి.

ఆదివారం నువ్వు చేసిన పని గురించి రాస్తున్నాను. మీ నాన్న కృతజ్ఞత కూడికకి మన సంఘమంతా వచ్చింది. పక్క ఊళ్ళవాళ్ళూ వచ్చారు. స్త్రీల సమాజం వాళ్ళు తెల్లారకుండానే వచ్చి ఉల్లిపాయలు తరిగారు. నేను మైకు ముందు నిలబడి నా తమ్ముడి రిపోర్టు పైకెత్తి చూపించాను. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషనై ఏడాదిన్నర అయింది, రక్తపరీక్షలో నాలుగు దాకా ఉండొచ్చని ఈ కాగితం మీదే అచ్చేసి ఉంది, మా ఎలీషాకి సున్నా పాయింట్ రెండు, దేవుడు వాణ్ణి పూర్తిగా బాగుచేశాడు అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు గారు మర్యాదకొద్దీ, ‘కూతురు కూడా రెండు మాటలు చెప్తే బాగుంటుందమ్మా’ అని మైకు నీ దగ్గరికి పంపించారు.

లేచి నిలబడ్డావు. ‘ఇంకో పరీక్ష ఉంది’ అని కూర్చున్నావు.

అంతే. దేవునికి స్తోత్రం లేదు. వచ్చినవాళ్ళకి వందనం లేదు. భోజనాల దగ్గర సంఘ పెద్ద సొలొమోను భార్య నా పక్కన చేరి, ‘ఇంకో పరీక్షేంటి అక్కయ్యా, ఇంకా తగ్గలేదా’ అంది. ఆవిడకి తెలిసిందంటే చల్లపల్లి దాకా తెలిసినట్టే.

నీకు గైడ్లలో, టెక్స్టుపుస్తకాల్లో తప్పులు దిద్దడం ఉద్యోగం. దిద్దుకో. నా సాక్ష్యంలో తప్పులు దిద్దమని నీకెవరూ జీతం ఇవ్వడం లేదు.

మీ నాన్న ఆ రోజు నుంచి నీ పేరెత్తడం లేదు. నేనూ ఎత్తమనను.

మీ నాన్నకు అక్క,
దీవెనమ్మ


భవానీపురం, విజయవాడ,
16 జనవరి 2025.

దీవెనమ్మత్తకు,

వందనాలు.

మీ ఉత్తరం చివరిదాకా చదివాను.

మైకులో మాట్లాడాలని నేను అనుకోలేదు. పాస్టరు గారు రెండు మాటలు అడిగారు. నా దగ్గర నిజమైనవి ఆ మూడే ఉన్నాయి.

నాలుగు అన్న సంఖ్య ప్రోస్టేట్ గ్రంథి ఒంట్లో ఉన్నవాళ్ళకి. ఆ గ్రంథి తయారుచేసే పదార్థాన్నే ఈ పరీక్షలో కొలుస్తారు. నాన్నకి ఆ గ్రంథి లేదు, తీసేశారు. లేని గ్రంథి ఏమీ తయారుచెయ్యకూడదు. ఆపరేషనయ్యాక ఏడాది పాటు ఏ పరీక్షలోనూ ఏమీ కనపడలేదు. పోయిన అక్టోబరులో కనపడింది, మీరు చూపించిన ఆ సున్నా పాయింట్ రెండు. ల్యాబ్ వాళ్ళకి ఎవరి ఒంట్లో ఏముందో తెలియదు. అందరికీ అదే కాగితం అచ్చువేసి ఇస్తారు.

డాక్టరు గారు నా ఎదుటే నాన్నకి చెప్పారు. ఎక్కడో కొన్ని కణాలు మిగిలి ఉండొచ్చు, ఒక్క పరీక్షతో తేల్చలేం, ఆరువారాలకి మళ్ళీ చేయించండి, పెరిగితే రేడియేషన్ ఇద్దాం, సంఖ్య చిన్నగా ఉండగా మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం అన్నారు. ఆ మరుసటి వారమే నాన్న నా ఇంటి నుంచి మీ ఊరు వచ్చేశారు. మూడు నెలలు దాటింది.

మీరు అందరికీ పైకెత్తి చూపించింది బాగైందని చెప్పే కాగితం కాదు. జాగ్రత్త పడమని చెప్పే కాగితం.

నాన్నని ఈ వారంలో పంపండి. మీ సాక్ష్యం సంగతి నాకక్కర్లేదు.

ఒక ప్యాకెట్టు విడిగా పంపుతున్నాను. విప్పకుండా నాన్నకి ఇవ్వండి.

డయానా


మొవ్వ,
22 జనవరి 2025.

డయానాకు,

పద్ధతి ప్రకారం వందనాలు.

‘విప్పకుండా’ అని రాశావు. నా ఇంటికొచ్చిన ప్యాకెట్టు విప్పకుండా నేనెవరికీ ఇవ్వను. విప్పాను. మళ్ళీ కట్టి తిప్పి పంపుతున్నాను. పెద్దవాళ్ళకి కట్టే ఆ డైపర్లు మా ఇంట్లో అవసరం లేదు. పాత పంచెలు బోలెడున్నాయి.

సున్నా పాయింట్ రెండుకి ఇంత గొడవా? నేను బడిలో లెక్కలు కూడా చెప్పాను. నాలుగు కంటే సున్నా పాయింట్ రెండు చిన్నదని ఐదో తరగతి పిల్లాడికి తెలుసు. ఆపరేషన్ రోజు డాక్టరు బయటికొచ్చి ‘మొత్తం తీసేశాం’ అన్నాడు. నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను. మొత్తం అంటే మొత్తమే. మొత్తం తీసేశానన్న మనిషే ఇప్పుడు మిగిలిందంటే, అతను అప్పుడు అబద్ధమాడాడా, ఇప్పుడాడుతున్నాడా? అది తేల్చి చెప్పు.

మీ నాన్న ఎలా ఉన్నాడని నువ్వు ఒక్క ముక్క అడగలేదు. నేనే చెప్తాను. పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తున్నాడు. నిన్న బొమ్మిడాయల పులుసు రెండోసారి వేయించుకున్నాడు. ఒళ్ళు చేశాడు. బడికెళ్ళే పిల్లలు కనపడితే ‘నడుం నిటారుగా పెట్టరా’ అని గదమాయిస్తున్నాడు. డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి నీ ఇంట్లో ఏడాది పైగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా ఇంటికొచ్చి మనిషయ్యాడు. జబ్బు ఎక్కడుందో దీన్ని బట్టి నీకే తెలియాలి.

మీ అమ్మా ఇంతే. అమలమ్మ మంచిదే, పోయినవాళ్ళని ఏమీ అనకూడదు. కానీ ఇంట్లో మాటలు పొదుపుగా వాడేది. పైగా మీది కేథలిక్ పద్ధతి, అంతా నిశ్శబ్దం, మోకాళ్ళు, కొవ్వొత్తులు. నిన్ను కాన్వెంటులో వేశారు. వాళ్ళు నీకు ఇంగ్లీషు నేర్పి నోరు కుట్టేశారు. మా దగ్గర దేవుడు చేసిన మేలు పదిమందిలో నోరారా చెప్తాం. చెప్పాక వెనక్కి తీసుకోం. సాక్ష్యం చెప్పిన నెలలోనే సూది గుచ్చుకుని, ఏమైనా మిగిలిందా అని వెతుక్కుంటే దాన్ని ఏమంటారు? నువ్వు చదివిన పుస్తకాల్లో ఏ పేరుందో నాకు తెలియదు. మా దగ్గర అపనమ్మకం అంటారు.

వాడు రాడు. నేను పంపను.

దీవెనమ్మ


భవానీపురం,
29 జనవరి 2025.

దీవెనమ్మత్తకు,

ఈసారి వందనాలు రాయడం లేదు.

డాక్టరు అప్పుడూ అబద్ధమాడలేదు, ఇప్పుడూ ఆడటం లేదు. మొత్తం అంటే కంటికి కనపడినది మొత్తం. తీసిన గ్రంథిని పరీక్షకి పంపారు. కోసిన అంచు దాకా క్యాన్సర్ కణాలు ఉన్నాయని వచ్చింది. అంచుకి అవతల, ఒంట్లో, ఏమైనా ఉండిపోయిందా అన్నది కత్తి పట్టినవాళ్ళకి కనపడదు. మీరు పొలంలో పుట్టి పెరిగారు. చేలో తుంగ పీకుతూ గట్టు దాకా శుభ్రం చేస్తారు. గట్టు కింద గడ్డ ఉందో లేదో అది మొలిచినప్పుడే తెలుస్తుంది. ఈ రక్తపరీక్ష మొలకని చూడటానికి. మొలక కనపడితే మనిషి పోయినట్టు కాదు. మొలకగా ఉండగా మందుంది.

వదిలేస్తే చాలాకాలం ఏమీ తెలియకపోవచ్చు కూడా. కాలవ గట్టు మీద నడవొచ్చు. పులుసు తినొచ్చు. తర్వాత ఎముకల్లోకి వెళ్ళొచ్చు. అప్పుడు అణిచిపెట్టే మందులున్నాయి కానీ, తీసేసే మందు లేదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు అని రాద్దామనుకున్నాను. భయపెట్టడానికే రాస్తున్నాను.

మీరు ఇన్ని ఊళ్ళ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. మీ మాట తప్పయిందంటే మీ కుర్చీ ఊగుతుంది. అందుకోసం నాన్నని దాచుకుంటున్నారు. ఆయన్ని మీరు బాగుచెయ్యలేదు. బాగైనట్టు పదిమందికి చూపించుకుంటున్నారు. రేపు ఆయనకి ఏమైనా అయితే ఆ సాక్ష్యం ఎవరు చెప్తారు?

మీరు తిప్పి పంపిన ప్యాకెట్టు అందింది. పాత పంచెలు తడి పీల్చవు. ఒళ్ళు ఒరుసుకుని పుండ్లు పడతాయి.

ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం, కారు మాట్లాడుకుని వస్తున్నాను. ఆరాధన జరుగుతుండగా వస్తాను. నాన్నని ఎక్కించుకుని వెళ్తాను. అడ్డం వస్తే ఈసారి మైకు నేనే అడిగి తీసుకుంటాను.

డయానా


మొవ్వ,
3 ఫిబ్రవరి 2025.

డయానాకు,

కారు తీసుకుని రావద్దు. పోస్టులో ఆలస్యమవుతుందేమోనని ఈ ఉత్తరం బస్సు కార్గోలో వేయిస్తున్నాను.

నువ్వొచ్చినా వాడు ఎక్కడు. ఎందుకెక్కడో నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. నువ్వు నన్ను కుర్చీ కోసం తమ్ముణ్ణి చంపుకునేదాన్ని చేశావు గనక, మాట తప్పుతున్నాను.

అక్టోబరులో వాడు నీ దగ్గర్నుంచి అవనిగడ్డ బస్సులో వచ్చాడు. ఉయ్యూరు దాటకముందే ప్యాంటు తడిసింది. సీటూ తడిసింది. పక్కన చంటిబిడ్డతో ఒకావిడ ఉందట. లేచి నిలబడి, ‘చూడు బాబూ, ఈ ముసలాయన సీట్లోనే పోసుకున్నాడు’ అని కండక్టర్ని పిలిచింది. బస్సంతా వెనక్కి తిరిగింది. కండక్టరు వాడి దగ్గర చదువుకున్న కుర్రాడు. ‘మాస్టారూ, మీరా’ అన్నాడట. ఇంకేమీ అనలేదట. తన భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడట.

తిట్టినా బాగుండేది అక్కా అన్నాడు నాతో. పామర్రులో దిగిపోయి అక్కణ్ణుంచి నడిచొచ్చాడు. వచ్చి నా గుమ్మంలో లోపలికి రాకుండా నిలబడ్డాడు.

అప్పట్నుంచి బస్సెక్కడు. కారు మాట్లాడతానంటే వద్దన్నాడు. ఊళ్ళో కారున్నది యేసుకుమార్‌కి. మన సంఘం పిల్లాడు. సీటు తడిస్తే సంఘమంతటికీ తెలుస్తుందని వీడి బాధ. చర్చిలో తలుపు దగ్గర కుర్చీ వేసుకుంటాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి పోవచ్చని. కూడిక రోజున పొద్దుట్నుంచి మంచినీళ్ళు ముట్టుకోలేదు. పంచెలు ఎవరు ఉతుకుతున్నారనుకున్నావు? పెరట్లో ఆరేస్తే పక్కింటి బుల్లెమ్మ అడుగుతుందని డాబా మీద ఆరేస్తున్నాను, ఈ మోకాళ్ళతో.

ఇంకొకటి. వాణ్ణి నేను లాక్కున్నానని కదా నీ మనసులో ఉన్నది. వాడు నీ ఇల్లు ఎందుకు వదిలాడో విను. ఆ ప్యాకెట్టు వాడు నిద్రపోతుండగా మంచం మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి ఆఫీసుకి పోయేదానివట. ఒక్క మాట లేదట. ‘చంటిపిల్లాడికి పెట్టినట్టు పెట్టి పోయేదక్కా, నా మొహం చూసేది కాదు’ అన్నాడు. నీకు అసహ్యం అనుకున్నాడు. నేను కాదనలేదు. నాకూ అదే అనిపించింది.

నీ పోయిన ఉత్తరం వాడి చేతికిచ్చాను, నన్ను తిట్టిన తిట్లతో సహా. తుంగ సంగతి చదివి, ‘డాక్టరు ఇదే చెప్పాడు’ అన్నాడు. తెలుసట. ఆ రోజే అంతా విన్నాడట. ‘మరి నేను మైకులో చెప్తుంటే నా పక్కనే నిలబడ్డావు కదరా’ అన్నాను.

‘నువ్వంత గట్టిగా చెప్తుంటే నిజమేనేమో అనిపించిందక్కా’ అన్నాడు.

రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. అన్నం పెట్టి పక్కకొస్తున్నాను. నీతో ఎలాగూ మాట్లాడను.

దీవెనమ్మ


భవానీపురం,
11 ఫిబ్రవరి 2025.

అత్తా,

కారులో రాలేదు, చూశారు కదా.

అసహ్యం కాదు. నాకు మాట రాదు. మందుల షాపులో ఆ ప్యాకెట్టు కావాలని నోటితో అడగలేక వేలు పెట్టి చూపిస్తాను. అంతకుమించి దాని గురించి మీకు రాయను. నాన్నకి విడిగా రాస్తున్నాను. ఆ కవరు మాత్రం విప్పకండి.

మీరు ‘కాదనలేదు’ అని రాశారు. అది గుర్తుంచుకుంటాను.

ఇక పని సంగతి. తడి వేరు, సంఖ్య వేరు. తడి క్యాన్సర్ వల్ల వచ్చింది కాదు, ఆపరేషన్ వల్ల వచ్చింది. మూత్రాన్ని పట్టి ఉంచే కండరం బలహీనపడుతుంది. చాలామందికి కొన్నాళ్ళలో సర్దుకుంటుంది. కొందరికి ఆలస్యమవుతుంది. ఆస్పత్రిలో ఒక వ్యాయామం నేర్పారు. మూత్రం ఆపుకున్నప్పుడు లోపల ఏ కండరం బిగుస్తుందో దాన్ని బిగించి, కాసేపు పట్టి ఉంచి, వదలాలి. అంతే సేపు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ బిగించాలి. రోజూ కొన్ని విడతలు. కూర్చుని చెయ్యొచ్చు, పడుకుని చెయ్యొచ్చు. నాన్న ఒక్కరోజు కూడా చెయ్యలేదు. బడి మొత్తం చేత ఒకేసారి చేతులెత్తించిన మనిషి, ఎవరికీ కనపడని డ్రిల్లేంటి అన్నారు. ఇప్పుడు మొదలుపెట్టినా పనికొస్తుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టర్ల దగ్గర వేరే దారులున్నాయి.

రక్తపరీక్షకి ఆయన విజయవాడ రానక్కర్లేదు. ఆ ల్యాబ్ వాళ్ళ మనిషి పామర్రులో ఉన్నాడు. పేరు సాయిగణేష్. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాడు. అతనికి మీ సంఘంలో ఎవరూ తెలియదు. అదే ల్యాబ్ కావాలి. ల్యాబ్ మారితే సంఖ్యలో తేడా రావొచ్చు.

సాక్ష్యం వెనక్కి తీసుకోమని అడగను. ఒకటి మాత్రం అడుగుతాను. చర్చి గోడ మీద ప్రార్థన మనవుల బోర్డు ఉంది కదా. బాగైనవాళ్ళ పేర్లు చెరిపేస్తారు. కూడిక అయ్యాక మీరే నాన్న పేరు చెరిపేశారు, నేను చూశాను. మళ్ళీ రాయండి. ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు.

డయానా


మొవ్వ,
24 ఫిబ్రవరి 2025.

డయానాకు,

వందనాలు.

పేరు రాయను. చెరిపిన పేరు మళ్ళీ రాయడం మా సంఘంలో ఎప్పుడూ జరగలేదు. ఆ మాట వదిలెయ్యి.

నీ డ్రిల్లు మొదలైంది. నువ్వు రాసినట్టు కూర్చుని చెయ్యమంటే వాడు ఎక్కడో చూస్తూ ‘చేస్తున్నా’ అంటాడు. చేస్తున్నాడో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకని సాయంత్రం ప్రార్థనలో పాట పాడేటప్పుడు, పల్లవికి బిగించు, చరణానికి వదులు అన్నాను. ‘దేవుడి పాటలో ఇదేంటక్కా’ అన్నాడు. ‘ఆ ఒళ్ళు ఎవరిచ్చారురా’ అన్నాను. మొదటి రోజు పల్లవి మధ్యలో నవ్వొచ్చి అంతా పాడుచేశాడు. ఇప్పుడు కుదురుకున్నాడు. నిన్న బుల్లెమ్మ ప్రహరీ మీంచి, ‘ఈమధ్య మాస్టారు మహా భక్తిగా పాడుతున్నారు, మొహం ఎర్రబడిపోతోంది’ అంది. అవునమ్మా, ఆత్మ పనిచేస్తోంది అన్నాను.

ఉతకాల్సిన పంచెలు తగ్గాయి. నువ్వు చెప్పిన పుండ్ల మాట నిజమే, వాడు నాకు చెప్పలేదు. నీ ప్యాకెట్లు పంపు.

నీ కవరు వాడికిచ్చాను. నేను విప్పలేదు. వాడు చదివి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏం రాశావో నాకు చూపించలేదు. మళ్ళీ మళ్ళీ తీసి చూసుకుంటున్నాడు. నా ఇంట్లో కూర్చుని, నా ఎదురుగా. సరే.

సాయిగణేష్ వచ్చి రక్తం తీసుకెళ్ళాడు. రిపోర్టు వచ్చింది. సున్నా పాయింట్ మూడు. పక్కన మళ్ళీ అదే అచ్చు, నాలుగు దాకా ఉండొచ్చని. ఆ నాలుగు వైపే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వాడు నా చేతిలోంచి కాగితం తీసుకుని, ‘పెరిగిందక్కా’ అన్నాడు. అప్పటిదాకా డ్రిల్లు సంగతి తప్ప నేను వాడితో మాట్లాడటం లేదు. అప్పుడు మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకెందుకు.

ఇప్పుడేం చెయ్యాలో రాయి. తీయగా రాయక్కర్లేదు. నీకెలాగూ రాదు.

దీవెనమ్మ


భవానీపురం,
3 మార్చి 2025.

అత్తా,

వందనాలు.

డాక్టరు గారిని కలిశాను. అడగాల్సినవన్నీ అడిగాను. మాట రాకపోతే మీరైతే ఎలా అడుగుతారో అనుకుని అలా అడిగాను. ఆయన ఒకసారి తలెత్తి చూశారు.

రెండోసారీ పెరిగింది కాబట్టి తిరగబెట్టినట్టే లెక్క. కానీ చిన్నగా ఉండగానే పట్టుకున్నాం. ముందు ఒక స్కాన్ తీస్తారు. ఇంత చిన్న సంఖ్యలో స్కాన్‌లో ఏమీ కనపడకపోవచ్చు. అది చూసి మళ్ళీ కూడిక పెట్టకండి. కనపడకపోయినా, గ్రంథి ఉండిన చోట రేడియేషన్ ఇస్తారు. వారానికి ఐదు రోజులు, ఏడు వారాల దాకా. ఇచ్చేటప్పుడు నొప్పి ఉండదు. నీరసం ఉంటుంది. తడి కొన్నాళ్ళు ఎక్కువ కావొచ్చు.

‘పూర్తిగా పోతుందా, పోదా, ఒక మాట చెప్పండి’ అన్నాను. అది మీ ప్రశ్న. ‘చాలామందికి పోతుంది. మీ నాన్నగారికి పోతుందని మాత్రం నేను మాటివ్వను’ అన్నారు. ఆ తర్వాత కూడా కొన్ని నెలలకొకసారి పరీక్ష చేయిస్తూనే ఉండాలి. బాగుంటే దూరం పెంచుతారు. మానెయ్యమని చెప్పే రోజు ఇప్పట్లో లేదు.

నాన్నకి ఒకటి చెప్పండి. రేడియేషన్ బల్ల మీద మూత్రాశయం నిండుగా ఉండాలి. నీళ్ళు తాగి, ఆపుకుని, కదలకుండా పడుకోవాలి. రోజూ. డ్రిల్లు అందుకు పనికొస్తుంది.

ముందు గది నాన్నకి సర్దాను. మీరు వస్తారో రారో రాయండి. వస్తే, అమ్మ ఫొటో దగ్గర జపమాల ఉంటుంది. అది తియ్యను.

డయానా


మొవ్వ,
10 మార్చి 2025.

డయానాకు,

వందనాలు.

శనివారం వస్తాం. యేసుకుమార్ కారులో. సీటు మీద రబ్బరు షీటు పరవాలని నేనే అతనికి చెప్పేశాను. ‘మా తాతయ్యకీ అంతేనమ్మా, నా దగ్గర షీటుంది’ అన్నాడు. ఇన్నాళ్ళూ ఇతని దగ్గరా మేం దాచుకున్నది.

నేను కూడా వస్తున్నాను. వంటగది నాది. నీ చేతి కాఫీ నేను తాగను. జపమాల ఎక్కడుందో అక్కడే ఉండనీ, దాని జోలికి నేను రాను, నా పాట జోలికి నువ్వు రాకు. సాయంత్రం పాట గట్టిగానే ఉంటుంది. పై వాటా వాళ్ళకి ముందే చెప్పి ఉంచు.

నిన్న ఆరాధనలో మాట్లాడాను. నీ మాట విన్నాననుకోకు. ముందు నువ్వు చెప్పినట్టు బోర్డు మీదే రాద్దామని సుద్దముక్క తీసుకున్నాను. చెయ్యి లేవలేదు. ఏ కారణమూ చెప్పకుండా రాసి పక్కకి తప్పుకోవడం నీ పద్ధతి, నాది కాదు. మైకు దగ్గరికెళ్ళాను. ‘జనవరిలో నేనిచ్చిన సాక్ష్యంలో దేవుడు చేసింది దేవుడు చేశాడు, అది వెనక్కి తీసుకోను. కాగితం మాత్రం నేను తప్పు చదివాను. నా తమ్ముడికి జబ్బు తిరగబెట్టింది. ప్రార్థన చెయ్యండి’ అన్నాను. ఎక్కడా చప్పుడు లేదు. మీ కేథలిక్ గుళ్ళో ఉన్నట్టుంది.

సొలొమోను భార్య నా వైపు చూసింది. నేనూ చూశాను. ముందు ఆవిడే తల దించుకుంది.

అప్పుడు తలుపు దగ్గర కుర్చీలోంచి మీ నాన్న లేచాడు. బయటికి పోతున్నాడనుకున్నాను. నడుం నిటారుగా పెట్టుకుని మధ్య దారిలోంచి ముందుకొచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. పాటకి లేచాడు, ప్రసంగానికి కూర్చున్నాడు, ఆశీర్వాదం అయ్యేదాకా కదల్లేదు. బయటికొచ్చాక నా చెవిలో, ‘ఒక్క పల్లవి తప్పలేదక్కా’ అన్నాడు.

ఒకటి ఇప్పుడే చెప్పి పెడుతున్నాను. ఈ రేడియేషన్ అయ్యాక నేను మళ్ళీ కూడిక పెడతాను. పెట్టి తీరతాను, నువ్వు వద్దన్నా, నీ డాక్టరు వద్దన్నా. ఉల్లిపాయలు నువ్వే తరగాలి. మైకు నీ దగ్గరికే పంపించమని పాస్టరు గారికి చెప్పి ఉంచాను. నువ్వేం చెప్తావో నాకు తెలుసు. అదే చెప్పు. కాకపోతే గట్టిగా చెప్పు. పోయినసారి వెనక బెంచీలవాళ్ళకి వినపడలేదు.

మీ నాన్నకు అక్క,
దీవెనమ్మ